మీ బి.పి. అంకె కంప్యూటరులో ఎక్కడికి వెళుతుంది?

ఓ.పి.లో బి.పి. చూసిన తరువాత సిస్టరు ఆ అంకెను ముందు మీ కార్డు మీద రాస్తుంది, ఆ తరువాత కంప్యూటరులో ఎక్కిస్తుంది. అది చూసి చాలామంది మమ్మల్ని అడుగుతూ ఉంటారు: "నర్సమ్మగారూ, ఇదివరకు పెద్ద పుస్తకంలో రాసేవారు కదా, ఇప్పుడు కంప్యూటరులో ఎందుకు కొడుతున్నారు? అది ఎక్కడికి పోతుంది? మా పేర్లు ఎవరెవరు చూస్తారు?" ఇవి మంచి ప్రశ్నలు. అడిగే హక్కు మీకుంది, జవాబు చెప్పే బాధ్యత ఆసుపత్రికి ఉంది.

ఈ పాఠంలో ఒక బి.పి. క్లినిక్కును ఉదాహరణగా తీసుకొని, అక్కడ రాసిన అంకెలు క్లౌడ్ డేటాబేసులో ఎలా ఉంటాయో, వాటిని నోట్‌బుక్ అనే సాధనంతో గ్రాఫుగా ఎలా మారుస్తారో, ఆ దారిలో మీ వివరాలను ఎలా కాపాడాలో చెబుతాము. మన కుటుంబాలలో కంప్యూటరు చదువులు చదివే పిల్లలు చాలామంది ఉన్నారు. వారికి కూడా పనికివచ్చేలా కొన్ని సాంకేతిక విషయాలు చేర్చాము. అర్థం కాని చోట పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని చదవండి.

అంకెలను గ్రాఫుగా ఎందుకు మార్చాలి?

ఈ పని మా వృత్తికి కొత్త కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్ 1854 నవంబరులో క్రిమియా యుద్ధకాలంలో టర్కీలోని స్కుటారి సైనిక ఆసుపత్రికి వెళ్ళారు. అక్కడ సైనికులు గాయాల వల్ల చనిపోయిన దానికంటే నివారించదగిన రోగాల వల్ల చనిపోయిందే చాలా ఎక్కువ. ఆ లెక్కలను ఆమె 1858లో రంగుల చిత్రంగా గీయించి అచ్చు వేయించారు. పట్టికలు చదివే ఓపిక లేని పెద్ద అధికారులకు కూడా ఆ చిత్రం చూస్తే విషయం అర్థమయ్యేది. అదే ఏడాది ఆమె లండన్ స్టాటిస్టికల్ సొసైటీలో సభ్యురాలిగా ఎన్నికయ్యారు. ఆ సంస్థలో చేరిన మొదటి స్త్రీ ఆమే.

ఇక బి.పి. సంగతి చూద్దాం. బి.పి. ఎక్కువగా ఉన్నా చాలామందికి ఏ బాధా తెలియదు. "ఒంట్లో బాగానే ఉంది కదా" అని మందులు మానేస్తారు. క్లినిక్కుకు రావడం మానేస్తారు. లోపల మాత్రం రక్తనాళాలు, గుండె, మూత్రపిండాలు దెబ్బతింటూనే ఉంటాయి. చివరికి పక్షవాతం వచ్చిన తరువాతే కొందరు మళ్ళీ ఆసుపత్రికి వస్తారు. కాబట్టి బి.పి. క్లినిక్కులో అందరికంటే ముందు తెలుసుకోవలసింది రానివారి గురించి. రోజువారీ రిజిస్టరులో వచ్చినవారి పేర్లే ఉంటాయి. రానివారు అందులో కనిపించరు.

75 శాతమా, 45 శాతమా?

లెక్క తెలియడానికి ఒక ఊహా ఉదాహరణ చెబుతాము. ఒక క్లినిక్కులో పాత బి.పి. రోగులు 200 మంది నమోదై ఉన్నారనుకోండి. గత 3 నెలలలో ఒక్కసారైనా వచ్చినవారు 120 మంది. వారిలో చివరిసారి చూసినప్పుడు 140/90 కంటే తక్కువ ఉన్నవారు 90 మంది, ఎక్కువ ఉన్నవారు 30 మంది.

వచ్చినవారిని మాత్రమే లెక్కిస్తే 120లో 90, అంటే 75 శాతం మందికి బి.పి. అదుపులో ఉన్నట్టు. వినడానికి ఎంతో బాగుంది. కాని నమోదైనవారందరినీ లెక్కిస్తే 200లో 90, అంటే 45 శాతమే. 15 శాతం మందికి అదుపులో లేదు. మిగిలిన 40 శాతం, అంటే 80 మంది, అసలు రాలేదు. ఎవరూ తప్పు రాయలేదు, అంకెలూ మారలేదు. దేనితో భాగించామన్నదే తేడా. మొదటి లెక్క చూసి సంతోషిస్తే ఆ 80 మంది ఇళ్ళకు ఎవరూ ఫోను చేయరు.

మన దేశంలో 2017 నవంబరులో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనీషియేటివ్ అనే కార్యక్రమం మొదలయింది. మొదటి విడత రాష్ట్రాలలో తెలంగాణ కూడా ఉంది. కొన్ని రాష్ట్రాలలో నర్సులు సింపుల్ అనే యాప్‌లో బి.పి. నమోదు చేస్తారు. అక్కడి నివేదికలలో రోగులను మూడు గుంపులుగా చూపిస్తారు: అదుపులో ఉన్నవారు, అదుపులో లేనివారు, రానివారు. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి పురస్కారం లభించింది. మూడో గుంపును దాచకుండా చూపించడమే మనం ఇందులో నేర్చుకోవలసిన విషయం.

ముందుగా నాలుగు మాటలు

డేటాబేసు: కంప్యూటరులో ఉండే పద్ధతి ప్రకారం రాసిన రిజిస్టరు. ఉదాహరణకు ఒక పట్టికలో రోగి కార్డు నెంబరు, పేరు, వయసు, ఊరు ఉంటాయి. మరో పట్టికలో కార్డు నెంబరు, వచ్చిన తేదీ, బి.పి. అంకె ఉంటాయి. ఈ రెండింటినీ కలిపేది కార్డు నెంబరు. అందుకే కార్డు మరిచిపోయి వస్తే సిస్టరు మిమ్మల్ని వెనక్కు పంపకపోయినా నెంబరు కోసం వెతుకుతుంది.

ఎస్.క్యూ.ఎల్.: డేటాబేసును ప్రశ్న అడిగే భాష. ఐ.బి.ఎం. సంస్థలో డొనాల్డ్ ఛాంబర్లిన్, రేమండ్ బాయిస్ 1974లో దీనికి తొలి రూపం ఇచ్చారు. "గత 3 నెలలలో ఎంతమంది వచ్చారు?" అని ఈ భాషలో అడిగితే డేటాబేసు లెక్కపెట్టి చెబుతుంది.

క్లౌడ్: పేరు మేఘమే గాని ఇది ఆకాశంలో ఉండదు. వేరే ఊరిలో పెద్ద భవనంలో, కరెంటు పోకుండా, చల్లగా ఉంచిన కంప్యూటర్లలో కొంత చోటు అద్దెకు తీసుకోవడమే క్లౌడ్. అమెజాన్ సంస్థ ఇటువంటి కేంద్రాలను 2016లో ముంబయిలో, 2022లో హైదరాబాదులో ప్రారంభించింది. ఆసుపత్రిలో కంప్యూటరు కాలిపోయినా, వరద నీరు వచ్చినా రికార్డు అక్కడ భద్రంగా ఉంటుంది.

నోట్‌బుక్: లెక్క, దాని ఫలితం, గ్రాఫు, వివరణ అన్నీ ఒకే పేజీలో వరుసగా ఉంచే సాధనం. జూపిటర్ నోట్‌బుక్ చాలామందికి తెలిసినది. ఇది 2014లో ఆ పేరుతో వచ్చింది. బడిలో లెక్కల నోటుబుక్కులో లెక్క, దాని కింద జవాబు ఉన్నట్టే ఇందులోనూ ఉంటుంది. వచ్చే నెల కొత్త అంకెలతో అదే లెక్కను మళ్ళీ నడపవచ్చు.

నోట్‌బుక్కును డేటాబేసుకు కలపడం

కలపడానికి ముందు డేటాబేసు వైపు మూడు ఏర్పాట్లు చేయాలి. ఈ మూడూ రోగుల రక్షణ కోసమే.

1. చూడడానికి మాత్రమే అనుమతి గల యూజరును తయారు చేయాలి. డేటాబేసులో సెలెక్ట్ అంటే చదవడం, అప్‌డేట్ అంటే మార్చడం, డిలీట్ అంటే చెరిపేయడం. గ్రాఫు గీసేవారికి సెలెక్ట్ ఒక్కటే ఇవ్వాలి. వార్డుకు వచ్చిన చుట్టం కేసు షీటు చూడవచ్చేమో గాని దాని మీద రాయకూడదు కదా. పొరపాటున తప్పు ఆజ్ఞ కొట్టినా మీ రికార్డు చెక్కుచెదరకూడదు.

2. పేర్లు లేని పట్టికను చూపించాలి. డేటాబేసులో వ్యూ అనే ఏర్పాటు ఉంది. అసలు పట్టికలోని పేరు, ఫోను నెంబరు, ఇంటి చిరునామా వదిలేసి, వయసు వర్గం, నెల, బి.పి. అంకె వంటివి మాత్రమే చూపే కిటికీ లాంటిది అది. గ్రాఫు యూజరుకు ఆ కిటికీ మాత్రమే ఇవ్వాలి, అసలు పట్టిక ఇవ్వకూడదు. కార్డు నెంబరు కూడా అందులో ఉండకూడదు, దాని బదులు వేరే గుర్తు నెంబరు ఉంచాలి.

3. ఏ ఇంటర్నెట్ చిరునామా నుండి రావచ్చో రాసి ఉంచాలి. ఆసుపత్రికి స్థిరమైన ఐ.పి. చిరునామా తీసుకొని దానినే అనుమతించడం మంచిది. కొందరు తొందరలో 0.0.0.0/0 అని రాస్తారు. అంటే ప్రపంచంలో ఎవరైనా వచ్చి తలుపు తట్టవచ్చని అర్థం. అలా ఎప్పుడూ రాయకూడదు. నోట్‌బుక్కును కూడా బయటి ఉచిత సేవలలో కాకుండా ఆసుపత్రి కంప్యూటరులోనే నడపడం క్షేమం. బయటి సేవలో నడిపితే చిరునామా ఆసుపత్రిది కాదు, మారుతూ కూడా ఉంటుంది.

ఇప్పుడు నోట్‌బుక్కు వైపు ఐదు వివరాలు కావాలి.

మొదటిది హోస్ట్, అంటే డేటాబేసు ఉన్న చోటి చిరునామా. రెండోది పోర్టు. ఒకే భవనంలో ఓ.పి. చీటీకి ఒక కౌంటరు, మందులకు ఒక కౌంటరు ఉన్నట్టు, పోర్టు అంటే కౌంటరు నెంబరు. పోస్ట్‌గ్రెస్ డేటాబేసుకు మామూలుగా 5432, మై ఎస్.క్యూ.ఎల్.కు 3306. మూడోది డేటాబేసు పేరు. నాలుగోది యూజరు పేరు. ఐదోది పాస్‌వర్డు.

పాస్‌వర్డును నోట్‌బుక్ పేజీలో రాయకూడదు. ఆ పేజీని మరొకరికి పంపితే తాళంచెవి కూడా వారి చేతికి వెళుతుంది. దానిని కంప్యూటరులో విడిగా, రహస్య వివరాలు ఉంచే చోట పెట్టి, నోట్‌బుక్కు అక్కడి నుండి తీసుకొనేలా చేయాలి.

దారిలో ఎవరూ వినకుండా ఎస్.ఎస్.ఎల్. రక్షణ పెట్టాలి. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ఉన్న మెట్లలో రెండింటిని పిల్లలు గుర్తుంచుకోవాలి. రిక్వైర్ అని పెడితే మాటలు గుప్తంగా వెళతాయి. వెరిఫై ఫుల్ అని పెడితే అవతల ఉన్నది నిజంగా మన డేటాబేసేనా అని కూడా సరిచూసుకుంటుంది. రోగుల వివరాలకు రెండోదే తగినది.

కలవకపోతే ఏమి చూడాలి?

జ్వరం అన్న ఒక్క మాటతో రోగం తెలియనట్టే, "కనెక్ట్ కావడం లేదు" అంటే కారణం తెలియదు. తెర మీద వచ్చిన మాటను చదవాలి.

చాలాసేపు ఆగి "టైమ్‌డ్ అవుట్" అని వస్తే దారి మూసి ఉందన్నమాట. ఐ.పి. అనుమతి, హోస్ట్, పోర్టు చూడాలి. వెంటనే "ఆథెంటికేషన్ ఫెయిల్డ్" అని వస్తే తలుపు దాకా చేరాము గాని పేరో పాస్‌వర్డో తప్పు. "పర్మిషన్ డినైడ్" అని వస్తే లోపలికి వెళ్ళాము గాని ఆ పట్టిక చూసే అనుమతి లేదు. ఈ చివరిది వచ్చినప్పుడు చిరాకు పడనక్కరలేదు. చాలాసార్లు కాపలా సరిగా పనిచేస్తున్నదనడానికి అదే గుర్తు. త్వరగా పని కావాలని పూర్తి అధికారాలు గల పెద్ద యూజరు పాస్‌వర్డు అడగవద్దు, ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు.

రానివారు జారిపోకుండా ప్రశ్న అడగడం

ఈ పాఠంలో పిల్లలు బాగా శ్రద్ధగా చదవవలసిన భాగం ఇదే.

వార్డులో డ్యూటీ మారేటప్పుడు సిస్టర్లు మంచం నెంబర్ల వరుసలో హ్యాండోవర్ ఇస్తారు. మంచం ఖాళీగా ఉన్నా ఆ నెంబరు చెబుతారు. "7వ నెంబరు ఖాళీ, ఎక్స్‌రేకు తీసుకువెళ్ళారు" అంటారు. ఎదురుగా పడుకొని ఉన్నవారి గురించి మాత్రమే చెబితే, ఎక్స్‌రేకు వెళ్ళిన మనిషిని ఎవరూ వెతకరు.

ఎస్.క్యూ.ఎల్.లో రెండు పట్టికలను కలిపేటప్పుడు ఇదే జరుగుతుంది. ఊరికే జాయిన్ అని రాస్తే, రెండు పట్టికలలోనూ ఉన్నవారే వస్తారు. అంటే 3 నెలలలో వచ్చిన 120 మందే కనిపిస్తారు. 80 మంది మాయమవుతారు, తెర మీద ఏ తప్పూ చూపించదు. నమోదు పట్టికను ముందు పెట్టి లెఫ్ట్ జాయిన్ అని రాస్తే 200 మందీ వస్తారు. రానివారి ఎదుట తేదీ, బి.పి. గళ్ళు ఖాళీగా ఉంటాయి. ఆ ఖాళీ గడే మనకు కావలసిన సమాచారం.

ఇంకో జాగ్రత్త. "గత 3 నెలలు" అన్న షరతును కలిపే చోటనే, అంటే ఆన్ అన్న మాట తరువాతే రాయాలి. చివర వేర్ అని వడపోతగా రాస్తే ఖాళీ గళ్ళవారు మళ్ళీ జారిపోతారు. అలాగే ఒకే మనిషి 3 నెలలలో 3 సార్లు వస్తే ముగ్గురుగా లెక్క పడకూడదు. ఒక్కొక్కరికి చివరి బి.పి. మాత్రమే తీసుకోవాలి. కొత్తగా నమోదైనవారిని కూడా ఈ లెక్కలో కలపకూడదు, మందు పనిచేయడానికి వారికి కొంత సమయం ఇవ్వాలి.

లెక్కపెట్టే పనిని డేటాబేసుకే వదిలేయడం మంచిది. అందరి వివరాలూ నోట్‌బుక్కులోకి తెచ్చుకొని లెక్కించే బదులు, నెలకు మూడు అంకెలు తెచ్చుకుంటే చాలు. త్వరగా వస్తుంది, రోగుల వివరాలు గడప దాటవు.

గ్రాఫు గీయడం

మూడు అంకెలు వచ్చిన తరువాత గ్రాఫు సులువు. పాండాస్, మ్యాట్‌ప్లాట్‌లిబ్ వంటి సాధనాలతో కొద్ది వరుసలలో గీయవచ్చు. ఒక్కొక్క మూడు నెలలకు ఒక నిలువు కడ్డీ, అందులో మూడు రంగులు: అదుపులో ఉన్నవారు, అదుపులో లేనివారు, రానివారు. కడ్డీ సున్నా నుండే మొదలు కావాలి. 40 నుండి మొదలు పెడితే చిన్న తేడా కొండంత కనిపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారు ఉంటారు కాబట్టి రంగుతో పాటు పేరు కూడా రాయాలి. మొత్తం ఎంతమందో కడ్డీ పైన రాయాలి.

ఊరి వారీగా గీసేటప్పుడు జాగ్రత్త అవసరం. చిన్న ఊరిలో ఇద్దరే రోగులుంటే, పేరు రాయకపోయినా ఎవరో అందరికీ తెలిసిపోతుంది. అటువంటి ఊళ్ళను కలిపి ఒకటిగా చూపాలి. నోట్‌బుక్కును ఎవరికైనా పంపే ముందు అందులో మిగిలిపోయిన ఫలితాలను చెరిపివేయాలి. నిన్న చూసిన పట్టిక ఈ రోజు కూడా ఆ పేజీలో నిలిచే ఉంటుంది.

"రానివారు 80 మంది" అని గ్రాఫు చెబుతుంది గాని ఎందుకు రాలేదో చెప్పదు. ఒకరు కూతురి దగ్గర ఉండడానికి హైదరాబాదు వెళ్ళి ఉండవచ్చు. ఒకరు పక్క క్లినిక్కులో మందులు తీసుకుంటూ ఉండవచ్చు. ఒకరికి బస్సు ఛార్జీలు లేకపోవచ్చు. ఒకరు మంచాన పడి ఉండవచ్చు, ఒకరు చనిపోయి ఉండవచ్చు. అది తెలియాలంటే బి.పి. క్లినిక్కు సిస్టరు, పేర్లు చూసే అనుమతి ఉన్న వ్యక్తి, అసలు రిజిస్టరు తెరిచి ఫోను చేయాలి, అవసరమైతే ఇంటికి వెళ్ళాలి. గ్రాఫు గీసినవారికి ఆ పేర్లు తెలియనక్కరలేదు.

భయపడాలా?

భయం వద్దు, జాగ్రత్త కావాలి. 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఆసుపత్రి సర్వర్లపై సైబర్ దాడి జరిగింది. చాలా రోజులు అక్కడి పనులు చేతిరాతతో నడిచాయి. అందుకే ఏ ఆసుపత్రి అయినా డేటాబేసు ప్రతిని విడిగా భద్రపరచాలి. ఆ ప్రతి నుండి రికార్డు తిరిగి వస్తుందో లేదో అప్పుడప్పుడు పరీక్షించాలి. కంప్యూటరు ఆగిన రోజు కోసం కాగితం రిజిస్టరు కూడా సిద్ధంగా ఉండాలి.

మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలను 2025 నవంబరులో ప్రకటించారు. అవి దశలవారీగా అమలులోకి వచ్చేలా ఏర్పాటు చేశారు. మన వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో తెలుసుకోవడం, తప్పులుంటే సరిచేయించుకోవడం ఈ చట్టంలో ఉన్న హక్కులు.

మీరు చేయవలసినవి

1. వచ్చిన ప్రతిసారీ కార్డు తీసుకురండి. కొత్త కార్డు చేయించుకుంటే ఒకే మనిషి ఇద్దరుగా నమోదవుతారు. అందులో ఒకరు "రానివారు"గా మిగిలిపోతారు.
2. ఫోను నెంబరు మారితే చెప్పండి. ఇంట్లో ఎవరి నెంబరుకు చేయవచ్చో, ఎవరికి మీ రోగం సంగతి చెప్పకూడదో కూడా సిస్టరుకు చెప్పండి.
3. ఊరు మారినా, వేరే చోట మందులు తీసుకుంటున్నా ఒక్క మాట తెలియజేయండి. ఎవరూ కోప్పడరు.
4. ఓ.టి.పి.ని, పాస్‌వర్డును ఆసుపత్రి పేరు చెప్పి ఎవరు ఫోనులో అడిగినా ఇవ్వకండి.
5. "నా వివరాలు ఎవరు చూస్తారు?" అని అడగడానికి మొహమాటపడకండి.
6. బాగానే ఉందని బి.పి. మందులు సొంతంగా మానకండి. మానాలనిపిస్తే ముందు డాక్టరుగారితో మాట్లాడండి.

ఇంట్లో కలిసి ఆలోచించడానికి ప్రశ్నలు

1. 75 శాతం, 45 శాతం అన్న రెండు లెక్కలలో ఏది రోగికి మేలు చేస్తుంది? ఎందుకు?
2. గ్రాఫు గీసే వ్యక్తికి మార్చే అధికారం ఎందుకు ఇవ్వకూడదు?
3. మీ ఇంట్లో, మీ వీధిలో బి.పి. మందులు మధ్యలో మానేసినవారు ఎవరైనా ఉన్నారా? వారిని క్లినిక్కుకు తీసుకురావడానికి ఎవరు తోడు వెళ్ళగలరు?

ఈ పేజీ పక్కన పెట్టే ముందు మీ కార్డు ఒకసారి తీసి చూడండి. మళ్ళీ రావలసిన తేదీ దాటిపోయి ఉంటే, వచ్చే ఓ.పి. రోజున తప్పక రండి.